ఎత్తు, లోతు, సున్న గీత: గోదావరి డెల్టాలో రికార్డు మట్టాల చరిత్ర

వ్యాససంగ్రహం:
గోదావరి డెల్టాలో ‘ఇంతకుముందెన్నడూ లేనంత ఎత్తు’ అన్న మాట కట్టడాలకన్నా నీటికే ఎక్కువగా వర్తించింది. 1839 నాటి కోరంగి ఉప్పెన, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, 1986 ఆగస్టు వరద, నిర్మాణంలో ఉన్న పోలవరం జలాశయం ప్రధానాంశాలుగా, ఎత్తును ఎవరు కొలిచారు, ఏ సున్న నుంచి కొలిచారు, ఆ అంకె తరువాత ఏ పనికి వచ్చింది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గోదావరి డెల్టా, వరద మట్టం, కోరంగి, ధవళేశ్వరం, భద్రాచలం గేజి, పోలవరం, ముంపు.

1. ప్రవేశిక

‘తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు’ అన్న సామెతలో రికార్డు అనే భావన మొత్తం ఇమిడి ఉంది. ఒక ఎత్తు ఉంటుంది, దానిని మించిన మరొక ఎత్తు వస్తుంది. సామెత తాటిచెట్టును కొలమానంగా తీసుకోవడం యాదృచ్ఛికం కాదు. కోనసీమలో గాని, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో గాని నిలబడి చూస్తే కంటికి ఆనే నిట్టనిలువు వస్తువులు తాడిచెట్లు, కొబ్బరిచెట్లు, గుడి గోపురాలు మాత్రమే. కొండ లేదు, గుట్ట లేదు. డెల్టా శీర్షమైన ధవళేశ్వరం వద్ద నేల సముద్రమట్టానికి పన్నెండు పద్నాలుగు మీటర్ల ఎత్తున ఉండి, అక్కడినుంచి డెబ్బయి కిలోమీటర్లకు అటూ ఇటూగా సాగి సముద్రంలో కలుస్తుంది. అంటే కిలోమీటరుకు జానెడు వాలు కూడా ఉండదు.

ఇంతటి సమతల భూమిలో ఎత్తుల చరిత్ర ఏముంటుందన్న సందేహం సహజం. కాని చదునైన చోటనే ఎత్తుకు విలువ ఎక్కువ. కొండ ప్రాంతంలో నది రెండడుగులు పెరిగితే ఒడ్డున ఉన్న నాలుగు బండలు మునుగుతాయి. లంకలో అదే రెండడుగులు పెరిగితే ఊరు మునుగుతుంది. అందువల్ల ఈ ప్రాంతానికి సంబంధించిన రికార్డు ఎత్తులను వెదికే పరిశోధకుడు స్తంభాలనూ గోపురాలనూ కాక నీటి గీతలను వెదకవలసి ఉంటుంది.

ఇక్కడ భాషకు సంబంధించిన ఒక సంగతిని ముందుగా గుర్తించాలి. ప్రభుత్వ నివేదికలు వరదను ‘ఎత్తు’గా చెబుతాయి: నీటిమట్టం ఇన్ని అడుగులు. గ్రామస్థులు అదే వరదను ‘లోతు’గా చెబుతారు: మోకాటి లోతు, నడుము లోతు, పీకల్లోతు, నిలువెత్తు దాటిన నీరు. మొదటి లెక్కకు సున్న ఎక్కడో రాతిపై చెక్కిన గీత దగ్గర ఉంటుంది. రెండవ లెక్కకు సున్న మనిషి అరికాలి కింద ఉంటుంది. ఈ రెండు సున్నల నడుమ దూరమే ఈ వ్యాసానికి ఆధారం.

2. పెరుగుతున్న లింగం

నీటి దగ్గరకు వెళ్లేముందు రాతి ఎత్తుకు సంబంధించిన ఒక పాత ఉదాహరణను చూడాలి. పంచారామాలలో నాలుగు, ద్రాక్షారామం, సామర్లకోటలతో సహా, ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. సామర్లకోటలోని కుమారారామ భీమేశ్వరాలయం తూర్పు చాళుక్యరాజు చాళుక్య భీముని (892–922) కాలపు నిర్మాణంగా ప్రసిద్ధం. ఇక్కడి మూలలింగం కింది అంతస్తులో పీఠంపై మొదలై, కప్పును దాటి పై అంతస్తులోకి వస్తుంది. అభిషేకాదులు పై అంతస్తులో జరుగుతాయి. సాధారణంగా గర్భగుడిలోని మూర్తిని భక్తుడు తల వంచి చూస్తాడు. ఇక్కడ మూర్తి కోసం కట్టడమే రెండంతస్తులు ఎక్కింది.

పంచారామ స్థలపురాణాలలో లింగం పెరగడం, దానిని ఆపడం అనే కథాంశం ఉంది. తారకాసురుని కంఠాన ఉన్న లింగం అయిదు ముక్కలై అయిదు చోట్ల పడగా, అవి పెరగకుండా వెంటనే ప్రతిష్ఠించారని కథనం. అమరావతిలో లింగం శిరస్సున మేకు కొట్టి పెరుగుదలను ఆపారని చెబుతారు. చరిత్రకారునికి ఈ కథలో ఆసక్తికరమైనది అద్భుతం కాదు, ఆందోళన. హద్దు లేకుండా పెరిగే ఎత్తును దైవానిదైనా సరే ఎక్కడో ఒకచోట ఆపాలన్న భావన దానిలో ఉంది. ఆధునిక కాలంలో రికార్డు అనే మాట ఇందుకు సరిగ్గా వ్యతిరేక దిశలో నడిచింది.

3. కోరంగి: నలభై అడుగుల అల

ప్రపంచ విపత్తుల జాబితాలలో గోదావరి డెల్టా పేరు తరచు కనిపించేది కోరంగి వల్ల. యానాం సమీపంలో, గోదావరి పాయ సముద్రాన్ని కలిసేచోట ఉన్న ఈ రేవు పద్దెనిమిదవ శతాబ్దంలో ఓడల నిర్మాణానికీ మరమ్మతుకూ పేరు పొందింది. దీనిని రెండు ఉప్పెనలు దెబ్బతీశాయి. 1789 డిసెంబరులో వచ్చినదానిని సమకాలీన కథనాలు మూడు అలలుగా వర్ణించాయి. మొదటిది ఓడలను ఒడ్డుకు విసిరింది, తరువాతివి పల్లపు నేలను ముంచాయి. మృతులు ఇరవై వేలని చెప్పారు. రెండవది 1839 నవంబరు 25 నాటిది. దీని గురించి నేటికీ పునరుక్తమవుతున్న అంకెలు మూడు: నలభై అడుగుల ఉప్పెన, ఇరవై వేల నౌకలు, మూడు లక్షల మంది మృతులు.

ఈ మూడు అంకెలను ఒక్కొక్కటిగా తూచి చూడవలసిన అవసరం ఉంది. నిజానికి తెలుగులో వచ్చిన వ్యాసాలలోనూ ఇవి యథాతథంగా దిగుమతి అవుతున్నాయి.

మృతుల సంఖ్యను మొదట తీసుకుందాం. నాటి రాజమండ్రి జిల్లా జనాభా 1821 ప్రాంతంలో ఏడు లక్షల పైచిలుకు. 1840 దశకం ఆరంభానికి అది అయిదున్నర లక్షల ప్రాంతానికి తగ్గింది. ఈ తగ్గుదలకు 1832–33 నాటి నందన కరువు, దానికి ముందూ వెనుకా వచ్చిన అనావృష్టులు, వరదలు, వలసలు కారణాలుగా కంపెనీ అధికారులే రాసుకున్నారు. ఒక్క ఉప్పెనలో మూడు లక్షల మంది పోయి ఉంటే జిల్లా జనాభాలో సగం ఒక్కరోజులో మాయమై ఉండాలి. ఆ తరువాత పన్నెండేళ్లలో ఆనకట్ట కట్టడానికి వేల సంఖ్యలో కూలీలు దొరికిన ప్రాంతం అది కాజాలదు. పైగా ఇరవై వేలు అనే అంకె 1789లో మనుషులకూ, 1839లో నౌకలకూ వర్తించడం గమనార్హం. ఒకే సంఖ్య రెండు తుపానులలో రెండు వేర్వేరు వస్తువులను లెక్కించిందంటే, ఒక కథనం మరొకదానిలోకి జారిందని అనుమానించడం తప్పు కాదు.

ఇక ఎత్తు. నలభై అడుగులంటే సుమారు పన్నెండు మీటర్లు. సముద్రమట్టం నుంచి పన్నెండు మీటర్ల నిశ్చలమైన నీటి మట్టాన్ని ఊహిస్తే, పైన చెప్పిన నేల ఎత్తులను బట్టి దాదాపు ధవళేశ్వరం వరకూ డెల్టా యావత్తూ దాని కిందికి రావాలి. ఉప్పెన లోపలికి వచ్చేకొద్దీ రాపిడి వల్ల తగ్గుతుంది గనుక అంత దూరం పోదన్నది నిజమే. అయినా తీరాన అంత మట్టం నిలిచి ఉంటే దాని జాడ కోరంగికే పరిమితం కాదు. సముద్రం మొత్తంగా ఉబ్బి లేచిన మట్టం ఒకటి, దానిపై విరిగిపడే అలల ఎత్తు మరొకటి. చెట్టు కొమ్మకు చిక్కుకున్న చెత్తనో, డాబాపై పడిన పడవనో చూసి చెప్పే ఎత్తులో ఈ రెండూ కలిసిపోతాయి. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు అయిదారు మీటర్లది. అంతమాత్రానికే వేలాది ప్రాణాలు పోయాయి. ఆస్ట్రేలియాలో 1899 నాటి మహీనా తుపానుకు నలభై ఎనిమిది అడుగుల ఉప్పెన వచ్చిందన్న ప్రసిద్ధ రికార్డు కూడా ఇటువంటి వివాదంలోనే ఉంది. అక్కడా ఒక ప్రత్యక్షసాక్షి కథనం, ఒక అడుగుల లెక్క, దాని చుట్టూ శతాబ్దానికి పైగా పునరుక్తి.

అయితే కోరంగి కథను అతిశయోక్తిగా కొట్టివేయడం మరొక పొరపాటు. కలకత్తాలో నౌకా విచారణ న్యాయస్థానానికి అధ్యక్షత వహించిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి తుపాను సమాచారాన్ని పరిశీలించి ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వ్యాసం రాశాడు. 1848లో వెలువడిన తన నావిక గ్రంథంలో సుడిగాలి తుపానులకు ‘సైక్లోన్’ అన్న పేరు ప్రతిపాదించాడు. పాము చుట్టను సూచించే గ్రీకు పదం దానికి మూలం. ప్రపంచమంతా వాడుతున్న ఆ మాట వెనుక ఉన్న సామగ్రిలో మన తీరపు తుపాను ఒకటి. పిడింగ్టన్‌కు కావలసింది గాలి దిశలు, ఓడల దినచర్య పుస్తకాలలోని వేళలు, వాయుపీడన వివరాలు. అల ఎత్తు కాదు. విజ్ఞానశాస్త్రానికి పనికివచ్చిన కోరంగి ఒకటి, రికార్డుల పుస్తకాలకు పనికివచ్చిన కోరంగి వేరొకటి.

కోరంగి ఆ దెబ్బతో శాశ్వతంగా తుడిచిపెట్టుకుపోయిందన్న వాక్యం కూడా సరికాదు. రేవు మేట వేసి, వాణిజ్యం కాకినాడకు మళ్లి, క్రమంగా క్షీణించింది. పంతొమ్మిదవ శతాబ్దం చివరలో బర్మాకు వెళ్లిన తెలుగు కూలీలను రంగూనులో ‘కోరంగీలు’ అనే పిలిచేవారు. తుడిచిపెట్టుకుపోయిన ఊరి పేరు మరో అర్ధశతాబ్దం తరువాత సముద్రం అవతల ఒక జాతినామంగా బతికి ఉండటాన్ని ఆ పుస్తకాలు లెక్కలోకి తీసుకోలేదు.

4. పన్నెండడుగుల గోడ

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను గురించి తెలుగులో కావలసినంత సాహిత్యం ఉంది. ఆర్థర్ కాటన్ వ్యక్తిత్వం, ఆయనకు సహాయకుడైన వీణెం వీరన్న, నేటికీ కొనసాగుతున్న కాటన్ ఆరాధన గురించి ఇక్కడ తిరిగి చెప్పనవసరం లేదు. ఎత్తుకు సంబంధించినంతవరకు ఈ కట్టడంలో ఒక విపర్యయం ఉంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, నడుమ లంకలతో కలిపి నదికి అడ్డంగా కిలోమీటర్ల పొడవున సాగిన ఆ గోడ ఎత్తు పన్నెండు అడుగులు. ఒక ఇంటి కప్పంత. దాని గొప్పతనం తక్కువ ఎత్తులోనే ఉంది.

ఇసుక పడకపై కట్టిన గోడ ఎత్తయ్యేకొద్దీ అడుగున నీటి ఊట బలపడి పునాదిని తోడేస్తుంది. కావేరి ప్రాంతంలో 1836 నాటి కొల్లడం ఆనకట్టల వద్ద కాటన్ నేర్చిన పాఠం అది. అక్కడ ఆయనకు ముందు కల్లణై రూపంలో దేశీయ ఉదాహరణ ఉంది. వరదను ఆపే ప్రయత్నం చేయకుండా పైనుంచి పోనివ్వడం, వేసవిలో పలుచబడిన నీటిని మాత్రం కాలువ తలుపు అందుకునేంత ఎత్తుకు లేపడం ఆ పద్ధతి. చదునైన నేలపై ఆ కొద్ది అడుగుల లేపుడు చాలు. గురుత్వాకర్షణ మిగిలినది చేస్తుంది. నేడు పది లక్షల ఎకరాల ఆయకట్టు నిలిచింది ఆ పన్నెండడుగుల మీద.

అయితే ఆ ఎత్తు స్థిరంగా ఉండలేదు. 1862–67 మధ్య శిఖరాన్ని రెండడుగులు పెంచారు. 1897–99లో మరో తొమ్మిది అంగుళాలు పెంచి, వరద తాకిడికి తమంతట తాము పడిపోయే రెండడుగుల తలుపులు అమర్చారు. 1936లో ఆ తలుపులు మూడడుగులయ్యాయి. ఆయకట్టు పెరిగినప్పుడల్లా గోడ తల కొద్దికొద్దిగా లేచింది. అడుగులతో మొదలైన లెక్క అంగుళాలకు దిగడం గమనిస్తే, ఆ గోడ నుంచి రాబట్టగలిగిన ఎత్తు చివరికి వచ్చిందని అర్థమవుతుంది. 1970లో మొదలై 1982లో ముగిసిన నేటి బ్యారేజి, 175 గేట్లతో 3,599 మీటర్ల పొడవున, పాత గోడ చేయలేని పని చేస్తుంది. అంటే అవసరమైనప్పుడు ఎత్తుగాను, వరద వచ్చినప్పుడు లేనట్టుగాను ఉంటుంది. గేటు అనేది ఎత్తును కాలానుగుణంగా మార్చే సాధనం.

బ్యారేజి పూర్తయిన నాలుగేళ్లకే దానికి పరీక్ష ఎదురైంది.

5. రెండు గేజిలు, ఒక నది

1986 ఆగస్టు 16న భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. అక్కడ నమోదైన మట్టాలలో నేటికీ అదే అత్యధికం. ధవళేశ్వరం వద్ద ఆ వరద ప్రవాహాన్ని 35 లక్షల క్యూసెక్కులకు పైగా లెక్కించారు. అంతకుముందు 1953 వరద 30 లక్షల క్యూసెక్కులతో కొలమానంగా నిలిచి ఉండేది. బ్యారేజి నిలిచింది. ఏటిగట్లు నిలవలేదు. పలుచోట్ల గండ్లు పడ్డాయి, కోనసీమ లంకలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ఒక రికార్డును ప్రమాణంగా తీసుకుని కట్టిన గట్టు తరువాతి రికార్డు ముందు చాలదన్నది ఆ ఏడాది డెల్టాకు అనుభవమైంది. ఆ తరువాత 1986 మట్టమే కొత్త ప్రమాణమై, గట్లను దానికి మించి పెంచే పనులు దశాబ్దాలపాటు సాగాయి. సామెతలోని తాడిచెట్టు ఇంజనీరింగ్ నిబంధనగా మారిందన్నమాట.

ప్రతి ఆగస్టులో పత్రికలు చదివేవారికి ఒక సందేహం కలుగుతుంది. భద్రాచలంలో మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగుల వద్ద, రెండవది 48, మూడవది 53 అడుగుల వద్ద. ధవళేశ్వరంలో అవే హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగుల వద్ద, స్థూలంగా 10, 13, 17 లక్షల క్యూసెక్కుల ప్రవాహానికి. నది ఒకటే అయినప్పుడు ఒకచోట 43 అడుగులు, మరొకచోట 11.75 అడుగులు ఎలా సమానమవుతాయి? ఏ గేజికి ఆ గేజి సున్న వేరు. అందుకే రెండు గేజిల అంకెలను పక్కపక్కన పెట్టి ఒకదానికంటే మరొకటి ఎక్కువని చెప్పడం అర్థరహితం. తరగతి గదిలో మొదట చెప్పవలసిన మాట ఇది. కొన్ని సిద్ధాంత గ్రంథాలలోనూ ఈ పొరపాటు కనిపిస్తోంది.

భద్రాచలం సున్న ఎక్కడ ఉందో లెక్క కట్టడం కష్టం కాదు. కేంద్ర జలసంఘం అదే గేజి స్థలానికి సముద్రమట్టం నుంచి మీటర్లలో లెక్క చెబుతుంది: హెచ్చరిక మట్టం 45.72, ప్రమాద మట్టం 48.77, అత్యధిక వరద మట్టం 55.66. వీటిని అడుగులలోకి మారిస్తే 150, 160, సుమారు 182.6 వస్తాయి. స్థానిక గేజి లెక్కలోని 43, 53, 75.6 వీటినుంచి ఒక్కొక్కటి సరిగ్గా 107 అడుగులు తక్కువ. కాబట్టి భద్రాచలం సున్న గీత సముద్రమట్టానికి 107 అడుగుల ఎత్తున ఉంది. స్నానఘట్టాల వద్ద వింతగా తోచే 43, 48, 53 అంకెలు సముద్రం వైపు నుంచి చూస్తే 150, 155, 160 అనే గుండ్రని అంకెలు. ఈ సమీకరణం ప్రాధాన్యం పోలవరం ప్రస్తావనలో తేలుతుంది.

ఎత్తు రికార్డూ ప్రవాహ రికార్డూ ఒకటి కావన్నదానికి ఇటీవలి రెండు వరదలు మంచి ఉదాహరణ. 2006 ఆగస్టులో భద్రాచలం వద్ద 66.9 అడుగులు నమోదు కాగా, ధవళేశ్వరం వద్ద 28 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవహించింది. 2022 జులై 16న భద్రాచలంలో నీరు 71.3 అడుగులకు, అంటే నాలుగడుగులకు పైగా ఎక్కువ ఎత్తుకు చేరింది. ధవళేశ్వరం వద్ద మాత్రం ప్రవాహం 25 లక్షల పైచిలుకు వద్ద ఆగింది. ఎగువన ఎక్కువ ఎత్తు, దిగువన తక్కువ నీరు. భద్రాచలానికి దిగువన కూనవరం వద్ద శబరి కలుస్తుంది. శబరి ఎంత తెచ్చింది, ఏ రోజు తెచ్చింది, పాపికొండల ఇరుకు దారిలో ఎంతసేపు నిలిచింది అన్నవి రెండు గేజిల మధ్య లెక్కను మార్చేస్తాయి. అదీగాక ఎత్తును కంటితో చదువుతారు. క్యూసెక్కులను ఎవరూ కంటితో చూడరు. మట్టం నుంచి, గేట్ల స్థితి నుంచి సూత్రం ద్వారా కట్టిన లెక్క అది.

2022 వరద వేళ ఈ తేడా రాజకీయ వివాదమైంది. పోలవరం నిర్మాణం వల్లనే భద్రాచలంలో నీరు ఎత్తు పెరిగిందని తెలంగాణ వైపు నుంచి ఆరోపణ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ దానిని తోసిపుచ్చింది. రెండు పక్షాలూ అడుగుల అంకెలనే ఆయుధాలుగా వాడాయి.

ఈ అంకెలన్నిటికీ వెలుపల ఉండిపోయేవి లంక గ్రామాలు. ఏటిగట్టు ఊళ్లను నది నుంచి కాపాడుతుంది. లంక గట్టుకు నదివైపున ఉంటుంది. రెండు వైపులా గట్లు ఎత్తయినకొద్దీ నీటికి పక్కకు పోయే దారి ఉండదు, నడుమనున్న లంకకు లోతు పెరుగుతుంది. గట్టు ఎత్తును విజయంగా లెక్కించే నివేదికలో లంక లోతుకు గడి ఉండదు. బడి గోడమీద, రామాలయం అరుగుమీద, పాత పెంకుటింటి ద్వారబంధం మీద ఏ ఏటి నీరు ఎంతవరకు వచ్చిందో చెప్పే మరకలు, గీతలు లంక ఊళ్ల గేజిలు. సున్నం వేసినప్పుడల్లా ఆ పత్రాలయం కొంత చెరిగిపోతుంది.

6. పొడవుల నాడు, ఒక మంట

డెల్టా ముఖద్వారమైన రాజమహేంద్రవరం వద్ద కట్టడాల రికార్డులన్నీ పొడవుకు సంబంధించినవే. 1900లో రైళ్లకు తెరిచిన హేవలాక్ వంతెనకు 56 ఖాళీలు. 1974 నాటి రోడ్డు-రైలు వంతెన ఆసియాలోని అతి పొడవైన ఆ తరహా వంతెనలలో ఒకటి. 1997లో పూర్తయిన ఆర్చి వంతెనకు 97.55 మీటర్ల కాంక్రీటు విల్లులు 28. వీటి ఎత్తును గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు. అయినా వంతెన కట్టేవాడు మొదట అడిగేది గరిష్ఠ వరద మట్టం ఎంత అనే. పిల్లర్ల తలను నిర్ణయించేది నది.

డెల్టాలో మనుషుల చేతిమీదుగా లేచిన అత్యంత ఎత్తయిన వస్తువు బహుశా కట్టడం కాదు. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ బావిలో బ్లోఅవుట్ జరిగి, మంట దాదాపు రెండు వందల మీటర్ల ఎత్తుకు లేచిందని నాటి కథనాలు. మార్చి 15న అదుపులోకి వచ్చేవరకు, 65 రోజులు అది ఆరలేదు. ఆ ఎత్తును ఎవరూ గేజి పెట్టి కొలవలేదు. కొబ్బరిచెట్లకు ఎన్ని రెట్లు అన్నదే చుట్టుపక్కల ఊళ్ల లెక్క.

7. నూటయాభై అడుగులు

పోలవరం ప్రాజెక్టుకు రికార్డుల భాష మొదటినుంచీ తోడుగా ఉంది. 2019 జనవరిలో ఇరవై నాలుగు గంటలలో 32,315.5 ఘనపు మీటర్ల కాంక్రీటు పోసి గిన్నిస్ గుర్తింపు పొందారు. స్పిల్‌వేకు 16 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తు గల 48 గేట్లు. వరద విడుదల సామర్థ్యం 50 లక్షల క్యూసెక్కులు, చైనాలోని త్రీ గోర్జెస్ కంటే ఎక్కువ అన్న పోలిక తరచు వినిపిస్తుంది. పోలిక ఆకర్షణీయమే. అయితే 1986లో ధవళేశ్వరం చూసిన 35 లక్షలను గుర్తు పెట్టుకున్నవారికి 50 లక్షలన్నది గర్వపు అంకెగా కాక భయపు అంకెగా కనిపిస్తుంది. ఆ సామర్థ్యం అక్కడ ఉన్నది కీర్తికోసం కాదు, అంత నీరు వచ్చే రోజు ఉండవచ్చన్న అంచనా వల్ల.

చరిత్రను నడిపిన అంకె మాత్రం వేరు. గోదావరి జలవివాదాల ట్రిబ్యునల్ 1980 తీర్పులో చోటు చేసుకున్న రాష్ట్రాల ఒప్పందాల ప్రకారం పోలవరం పూర్తి జలాశయ మట్టం సముద్రమట్టం నుంచి 150 అడుగులు. దానిని మీటర్లలోకి మార్చగా వచ్చినదే పత్రికలలో కనిపించే 45.72. నిర్వాసితులయ్యే కుటుంబాలు లక్షకు పైగా. వారిలో కోయలు, కొండరెడ్లు అధికం. దేవీపట్నం, కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు, వేలేరుపాడు, కుక్కునూరు మండలాల పేర్లు డెల్టా పాఠకులకు ఇప్పుడు పరిచితమే. 2014లో రాష్ట్ర విభజన వేళ ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలపడం కూడా ఈ ఎత్తు ఫలితమే. ఒక నీటి గీత రాష్ట్రపు సరిహద్దు గీతను జరిపిన సందర్భం తెలుగువారి చరిత్రలో మరొకటి కనిపించదు.

ఇప్పుడు భద్రాచలం లెక్కను దీని పక్కన పెట్టి చూడవచ్చు. సముద్రమట్టం నుంచి 150 అడుగులు అంటే భద్రాచలం గేజిపై 43, అంటే మొదటి ప్రమాద హెచ్చరిక గీత. జలాశయం పూర్తి మట్టానికి నిండి నీరు నిశ్చలంగా ఉన్నప్పటికీ ఆ మట్టపు రేఖ ఎగువన తాకేది అక్కడే. పోలవరం వద్ద ‘పూర్తి’ అన్న మాటకూ, భద్రాచలం వద్ద ‘ప్రమాదం’ అన్న మాటకూ సున్నలు సరిచూస్తే ఎత్తు ఒకటే. 2022 నాటి వాదోపవాదాలలో ఇరుపక్షాలూ వాడిన అంకెలు ఈ ఒక్క సమీకరణంతో మొదలై ఉంటే చర్చ మరింత స్పష్టంగా ఉండేది.

మొదటి దశలో నీటిని 41.15 మీటర్ల వరకే నిలపాలన్న నిర్ణయం వచ్చాక పునరావాస జాబితాలు ఆ కాంటూరు ప్రకారం తయారయ్యాయి. రేఖకు కింద ఉన్న ఇంటికి పరిహారం ముందు, పైన ఉన్న ఇంటికి తరువాతి దశలో. 2022 జులైలో, ఎగువ కాఫర్‌డ్యాంను హడావుడిగా ఒక మీటరు పెంచుతున్న రోజులలో, మొదటి దశ జాబితాలో లేని ఊళ్లలోకీ నీరు వచ్చింది. కాంటూరును మళ్లీ కొలవాలని నిర్వాసితులు కోరారు. కాంటూరు రేఖ నిశ్చల జలానికి గీసినది. వరద నిశ్చలంగా ఉండదు. నది ఎగువకు పోయేకొద్దీ దాని తలం పైకి వాలి ఉంటుంది. నడుము లోతు నీటిలో నిలబడిన మనిషికి తన ఇల్లు రేఖకు పైన ఉందని కాగితం చెప్పిన సందర్భం అది. ఎత్తూ లోతూ ఒకే గుమ్మంలో ఎదురుపడ్డాయి.

41.15 అన్న అంకెలో రెండు దశాంశ స్థానాలున్నాయి. చూడగానే అది సెంటీమీటరు వరకు కొలిచి తేల్చిన గీతగా తోస్తుంది. అడుగులలోకి మారిస్తే అది 135. బల్లమీద కూర్చున్నవారు చర్చించుకుని ఒప్పుకోగల గుండ్రని అంకె.